ఎండిన కట్టె – ఇంటిల్లిపాది ఆరోగ్యము

నిప్పు లేనిదే సంసారము సాగదు. అన్నము వండుటకు నిప్పు కావలెను. బాలింతకును పసిబిడ్డకును నీళ్లు కాచుటకు నిప్పు కావలెను. చలికాలపు రాత్రులలో వృద్ధుల కాళ్లుచేతులు వెచ్చబడుటకు నిప్పు కావలెను. పొయ్యిలో పిల్లి పడుకొన్న ఇంట పస్తులున్నవని మనవారు చెప్పుకొందురు. ఇంటికిని పొయ్యికిని గల సంబంధము అంతటిది.

నేడు మన దేశమున వంట గ్యాసు అనేక గృహములకు చేరినది. ఉమ్మడి ఆంధ్ర ప్రదేశములో 1999లో ప్రారంభమైన దీపము పథకమును, దేశమంతటను 2016లో ప్రారంభమైన ఉజ్జ్వల పథకమును ఇందుకు మిక్కిలి తోడ్పడినవి. ఐనను కట్టెల పొయ్యి పూర్తిగా చల్లారలేదు. 2019-21 సంవత్సరములలో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, దేశములో నూటికి 58.6 గృహములలో మాత్రమే వంటకు శుభ్రమైన ఇంధనమును వాడుచుండిరి. తక్కిన ఇండ్లలో కట్టెలు, పిడకలు, పంటమోళ్లు, బొగ్గు మొదలగునవి మండుచుండెను. గ్యాసు ఉన్న ఇండ్లలో సయితము పెరటిలో స్నానపు నీళ్లకు కట్టెల పొయ్యి ఉండుట మనమందరము ఎరిగినదే.

చలి హెచ్చుగా నుండు సీమలలో కట్టె అవసరము మరింత హెచ్చు. కాశ్మీరములో బుఖారీ అను ఇనుప పొయ్యిని గదిలో నిలిపి, దానిలో కట్టెలు కాల్చి చలిని పోగొట్టుకొందురు. తెలుగునాట తూర్పు కనుమలలోని పాడేరు, అరకులోయ, లంబసింగి ప్రాంతములలోను, ఆదిలాబాదు పరిసరములలోను మార్గశిర పుష్య మాసములలో ఇంటింట నెగడు వెలుగును. కట్టె కాల్చక తప్పని ఇంటివారు ఎట్టి కట్టె కొనవలెను? ఎప్పుడు కొనవలెను? ఎట్లు దాచి, ఎట్లు కాల్చవలెను? ఇవి ఇంటి ఖర్చునకు మాత్రమే సంబంధించిన ప్రశ్నలు కావు; ఆ ఇంటివారి ఊపిరికి సంబంధించిన ప్రశ్నలు. వానికి సమాధానములను ఈ పాఠములో తెలిసికొందము.

పచ్చికట్టెలో ఏమున్నది?

చెట్టు బ్రతికియున్నంతకాలము వేళ్లనుండి ఆకులవరకు నీరు ప్రవహించుచుండును. అప్పుడే కొట్టిన చెట్టునుండి వచ్చిన కట్టె బరువులో సుమారు సగము నీరే యుండును. అనగా మీరు 100 కిలోల పచ్చికట్టె కొన్నచో, ఇంటికి వచ్చినది 50 కిలోల కట్టె, 50 కిలోల నీరు. చీల్చి, గాలి తగులునట్లు పేర్చి, కొన్ని నెలలు ఎండనిచ్చిన కట్టెలో ఈ నీరు నూటికి 20 పాళ్లకు, అంతకు తక్కువకు దిగును. దీనినే మనము ఎండిన కట్టె అని వ్యవహరింపవలెను. నాలుగు రోజులు ఎండలో పడవేసినంత మాత్రమున ఏ కట్టెయు ఎండినది కాదు.

ఇచ్చట ఒక భేదమును గమనింపవలెను. బాగుగా ఎండిన కట్టె వానలో తడిసినచో, ఆ తడి పైపైననే యుండును. కొలది రోజుల ఎండకు, గాలికి పోవును. చెట్టులో పుట్టిన నీరు అట్టిది కాదు. అది కట్టెలోని సన్నని నాళములలోను, వాని గోడలలోను ఇమిడి యుండును. బయటకు వచ్చుటకు దానికి నెలలు పట్టును.

పొగ ఎందుకు వచ్చును?

కట్టె నేరుగా మండునని మనము తలంతుము. నిజమునకు వేడి తగిలినప్పుడు కట్టెనుండి మొదట వాయువులు వెలువడును; ఆ వాయువులు అంటుకొని మంటగా కనిపించును. ఎండిన కట్టె బరువులో సుమారు నాలుగింట మూడు వంతులు ఇట్లు వాయురూపమున వెలువడి మండునదే. మిగిలినది బొగ్గుగా మారి, నిప్పుగా కణకణలాడి, తుదకు బూడిద యగును.

ఈ వాయువులు పూర్తిగా మండవలెనన్నచో మంట మిక్కిలి వేడిగా నుండవలెను. పచ్చికట్టెను పొయ్యిలో పెట్టినప్పుడు ఏమగును? మొదట దానిలోని నీరు కాగి, ఆవిరి కావలెను. నీరు తీరువరకు ఆ భాగము 100 డిగ్రీల వేడిమిని దాటలేదు. పొయ్యిలో పుట్టిన వేడిలో కొంత నీటిని ఆవిరి చేయుటకే వ్యయమగును. మంట చల్లబడును. వెలువడిన వాయువులు సగము మండి, సగము మండక, మసి, తారు, సన్నని నలుసులుగా మారి పైకి లేచును. మనము పొగ అని పిలుచునది ఇదియే. కట్టె చివరనుండి బుసబుసమని నురుగు వచ్చుట, గృహిణి ఊదుడు గొట్టము విడువలేకపోవుట, కుండ అడుగున జిగురువంటి మసి పట్టుట – ఇవి యన్నియు పొయ్యిలో నీరు కాగుచున్నదనుటకు గుర్తులు.

పొగవలన కలుగు కీడు

పొగలోని నలుసులలో అత్యంత సన్ననివి 2.5 మైక్రోమీటర్లకంటె చిన్నవి. మన తలవెండ్రుక మందము సుమారు 70 మైక్రోమీటర్లు. ఇంత సన్నని నలుసులను ముక్కులోని వెండ్రుకలు గాని, గొంతులోని తేమ గాని ఆపలేవు. అవి ఊపిరితిత్తుల లోతులకు పోవును. ఏండ్ల తరబడి ఇట్టి గాలిని పీల్చువారికి దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధులు, గుండెజబ్బులు, పక్షవాతము, ఊపిరితిత్తుల క్యాన్సరు కలుగుటకు అవకాశము హెచ్చును. కన్నులు మండుట, నీరు కారుట దినదినము కలుగు బాధ. కాలక్రమమున కంటిలో శుక్లములు ఏర్పడుటకును పొగకును సంబంధము కలదని పరిశోధకులు కనుగొనిరి.

ఈ కీడు ఇంటిలో అందరికి సమానముగా కలుగదు. రోజునకు మూడు నాలుగు గంటలు పొయ్యి ముందు కూర్చుండు స్త్రీకి, ఆమె ఒడిలోని బిడ్డకు, మంచము దిగలేని వృద్ధులకు అధికముగా కలుగును. పసిబిడ్డలు పెద్దలకంటె వేగముగా ఊపిరి తీయుదురు. వారి ఊపిరితిత్తులు ఇంకను పెరుగుచునే యుండును. అందుచేత పొగ నిండిన ఇండ్లలో చిన్నపిల్లలకు న్యుమోనియా సోకుట హెచ్చు. గర్భవతి పొగ పీల్చినచో బిడ్డ తక్కువ బరువుతో పుట్టవచ్చును. 2020వ సంవత్సరములో ప్రపంచమంతటను ఇంటిలోపలి పొగ కారణముగా సుమారు 32 లక్షల మంది అకాలమరణము పొందిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసినది. వారిలో 2 లక్షల 37 వేలకు పైగా అయిదేండ్లు నిండని పిల్లలు.

నీటికి వెల చెల్లింపవద్దు

ఎండిన కట్టె ఖరీదు హెచ్చని పలువురు పచ్చికట్టె కొందురు. ఇది లాభమో నష్టమో లెక్క వేసి చూతము.

ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడి చేయుటకు పట్టు ఉష్ణమును ఒక కిలోకాలరీ యందురు. నీరు ఏమాత్రము లేని ఒక కిలో కట్టె మండినచో సుమారు 4,400 కిలోకాలరీల ఉష్ణము వచ్చును. 30 డిగ్రీల వేడిమి గల ఒక లీటరు నీటిని కాచి, ఆవిరిగా మార్చుటకు సుమారు 610 కిలోకాలరీలు ఖర్చగును.

100 కిలోల పచ్చికట్టెలో 50 కిలోలే కట్టె. అది ఇచ్చునది 2,20,000 కిలోకాలరీలు. అందులో 30,500 కిలోకాలరీలు దానిలోని 50 కిలోల నీటిని ఆవిరి చేయుటకే పోవును. మిగులునది 1,89,500. అదే 100 కిలోల ఎండిన కట్టెలో 80 కిలోలు కట్టె, 20 కిలోలు నీరు. అది ఇచ్చునది 3,52,000; నీటికి పోవునది 12,200; మిగులునది 3,39,800 కిలోకాలరీలు. అనగా ఎండిన కట్టె పచ్చికట్టెకంటె దాదాపు 1.8 రెట్లు వేడినిచ్చును.

ఉదాహరణకు, పచ్చికట్టె 100 కిలోలు 500 రూపాయలనియు, ఎండిన కట్టె 700 రూపాయలనియు అనుకొందము. పచ్చికట్టెపై పెట్టిన ప్రతి రూపాయికి 379 కిలోకాలరీలు దక్కగా, ఎండిన కట్టెపై పెట్టిన రూపాయికి 485 దక్కును. వెల హెచ్చినను ఎండిన కట్టెయే చవుక. పచ్చికట్టె వాయువులు మండక పొగగా పోవుటవలన కలుగు నష్టమును ఇందులో చేర్చలేదు. దగ్గు మందులకు, ఆసుపత్రి ప్రయాణములకు అగు ఖర్చును అసలే చేర్చలేదు.

కట్టెలు ఎప్పుడు కొనవలెను?

చలి మొదలైన పిదప కట్టెల కొరకు పరుగెత్తువారికి ఎండిన కట్టె దొరకుట కష్టము. అప్పుడు గిరాకి హెచ్చును. ఆ వారమే కొట్టిన చెట్టు కూడ ఎండిన కట్టె పేరున అమ్ముడుపోవును. కార్తీకములో కావలసిన కట్టెను చైత్రములోనే కొనుట వివేకము. మన ఎండలు కట్టెకు మంచి మిత్రములు. ఫాల్గుణము మొదలు జ్యేష్ఠము వరకు గల వేసవిలో, చీల్చి పేర్చిన కట్టె నుండి నీరు వేగముగా పోవును. మణికట్టు లావు కట్టెలు ఆ ఒక్క వేసవిలోనే వాడుకకు వచ్చును. లావైన దుంగలు, చేవ గట్టిగా గల చింత, తుమ్మ వంటివి, ఏడాదియు అంతకు మించియు ఎండవలసి యుండును.

మృగశిర కార్తె ప్రవేశించులోపల కట్టెలు కప్పు క్రిందికి చేరవలెను. సముద్రతీర జిల్లాలలో వానకాలమందు గాలిలోనే తేమ హెచ్చుగా నుండును గనుక, అప్పుడు పేర్చిన పచ్చికట్టె ఎండుటకు చాల ఆలస్యమగును. డబ్బు ఒకేసారి సమకూరనివారు వేసవిలో నెలకు కొంత చొప్పున కొని చేర్చుకొనవచ్చును. అట్టివారు ముందు కొన్నదానిని ముందు వాడునట్లు వేర్వేరు వరుసలుగా పేర్చుకొనవలెను.

ఎండినదని గుర్తించుట ఎట్లు?

అమ్మువాని మాటకంటె కట్టె చెప్పు సాక్ష్యము గట్టిది. ఈ క్రింది గుర్తులను పరిశీలింపవలెను.

1. కట్టె కొననుండి చూచినచో నడిమినుండి అంచులకు చీలికలు విచ్చుకొని యుండవలెను. నున్నగా, తడిగా మెరయు కొన పచ్చిదనమునకు గుర్తు.

2. రెండు కట్టెలను ఒకదానితో నొకటి తట్టి చూడవలెను. ఎండినవి ఖణేలుమనును. పచ్చివి దబ్బుమని మొద్దుశబ్దము చేయును.

3. ఒకే జాతి, ఒకే లావు కట్టెలను రెండు చేతులతో ఎత్తి పోల్చవలెను. ఎండినది తేలికగా నుండును.

4. బెరడు వదులై, గోటితో పెకలించిన ఊడి రావలెను. బెరడు క్రింద పచ్చని పొర కనిపించినచో ఆ కట్టె ఇంకను పచ్చిదే.

5. ఒక కట్టెను నడిమికి చీల్పించి, లోపలి ముఖమును చెంపకు ఆనించి చూడవలెను. చల్లగా, తడిగా తోచినచో అది ఎండలేదు. పైన ఎండి లోపల పచ్చిగా నున్న దుంగలు ఈ పరీక్షలోనే బయటపడును.

ఇటీవల చేతిలో ఇమిడెడు తేమ కొలుచు పరికరములు బజారులో దొరకుచున్నవి. వానిని వాడువారు కట్టె పైభాగమున గాక, అప్పుడే చీల్చిన లోపలి ముఖమున ముండ్లు గుచ్చి చూడవలెను. అంకె 20కి లోపల నుండుట మంచిది.

పరికరము లేనివారికి త్రాసు చాలును. మూడు నాలుగు కట్టెలకు సుద్దతో గుర్తు పెట్టి, వారమున కొకసారి తూచి, బరువు వ్రాసికొనవలెను. నీరు పోవుచున్నంతకాలము బరువు తగ్గుచుండును. పొడివాతావరణములో వరుసగా రెండు మూడు వారములు బరువు మారనిచో, గాలికి ఎండవలసినంత ఎండినదని గ్రహింపవచ్చును.

ఒక హెచ్చరిక: తేలికగా నున్న కట్టె యంతయు మంచిది కాదు. పుచ్చిపోయినది, చెదలు తిన్నది, బూజు పట్టినది కూడ తేలికగానే యుండును. అది వేడినీయదు. దాని బూజుపొడి ఉబ్బసము గలవారికి హాని చేయును.

ఏ కట్టె మంచిది? ఏది తగదు?

తీర ప్రాంతములలో తోటలుగా పెంచు సరుగుడు, మెట్ట ప్రాంతములలో విస్తారముగా దొరకు సర్కారు తుమ్మ, నల్ల తుమ్మ, చింత, జామాయిలు, సుబాబులు – ఇవి ఎండినచో మంచి వంటచెరకు. సరుగుడు, సర్కారు తుమ్మ బాగుగా మండి ఎక్కువ వేడినిచ్చును. మామిడి, మునగ వంటి మెత్తని కట్టెలు త్వరగా అంటుకొని త్వరగా తీరిపోవును. ఇవి నిప్పు రాజుకొనుటకు పనికివచ్చును. ఏ జాతియైనను పచ్చిగా నున్నప్పుడు మంచిది కాదు. బాగుగా ఎండిన సామాన్యపు కట్టె, పచ్చిగా నున్న మేలుజాతి కట్టెకంటె ఎన్నో రెట్లు మేలు.

కొన్నిటిని ఎండినను కాల్చరాదు. గన్నేరు చెట్టు సర్వాంగములు విషము. దాని పొగ కూడ హానికరము. కోరంగి వంటి మడ అడవులలో పెరుగు తిల్ల చెట్టు పాలు కంటబడినచో చూపునకు ముప్పు కలుగును. దాని పొగ కన్నులను మండించును. జీడిపిక్కల పెంకులలో చర్మమును పొక్కించు నూనె యుండును గనుక వానిని ఇంటి పొయ్యిలో వేయరాదు. రంగు వేసిన తలుపు చెక్కలు, జిగురుతో అతికిన ప్లైవుడ్డు, చెదలు పట్టకుండ మందు పట్టించిన కలప, రైలు పట్టాల క్రింది పాత చెక్క దిమ్మెలు విషవాయువులను వెలువరించును. ఇట్టి కలప బూడిదలో సీసము, ఆర్సెనిక్ వంటివి మిగులవచ్చును. ఆ బూడిదతో అంట్లు తోముట, దానిని కూరపాదులకు చల్లుట ప్రమాదకరము. నిప్పు అంటించుటకు ప్లాస్టిక్ సంచులను, పాత సైకిలు టైరు ముక్కలను వాడు అలవాటును మానవలెను. ఎండుపుల్లలు, కొబ్బరి మట్టలు, కంది కట్టె ఇందుకు చాలును.

అడితిలో అడుగవలసిన ప్రశ్నలు

కట్టెల అడితికి పోయినప్పుడు ముందుగా వెల అడుగుట మన అలవాటు. అంతకుముందు మూడు ప్రశ్నలు అడుగవలెను. “ఈ కట్టె ఎప్పుడు కొట్టినది? ఎప్పుడు చీల్చినది? వానకాలమున ఎచ్చట నుంచితిరి?” చెట్టు కొట్టి ఏడాదియైనను, చీల్చక దుంగగా పడియున్నచో లోపలి నీరు పోదు. కట్టె ఎండుట చీల్చిన నాటినుండియే నిజముగా మొదలగును. “నిరుటి సరుకమ్మా, చూచుకొనండి” అని అడితివాడు చెప్పినప్పుడు, “ఐతే ఒకటి చీల్చి చూపించు నాయనా” అని అడుగుటకు మొగమాటపడరాదు. నిజముగా ఎండిన సరుకు గలవాడు ఇందుకు సంకోచింపడు.

తూకము విషయమై జాగ్రత్త అవసరము. బరువుకు కొన్నప్పుడు నీరంతయు లెక్కలోనికి వచ్చును. కావున వాన వెలసిన వెంటనే తూకమునకు కొనరాదు. బండి లెక్కనో, ట్రాక్టరు లెక్కనో కొన్నప్పుడు నీటి భయము తక్కువ. కాని వంకర కట్టెలను ఎడముగా పేర్చినచో నడుమ ఖాళీయే ఎక్కువగా నుండును. బండి దిగకముందు పేర్పును నాలుగు ప్రక్కల నుండి చూచుకొనవలెను. మొదటిసారి కొను చోట ఒక మోపు మాత్రము కొని, ఇంట కాల్చి చూచి, పిదప ఎక్కువ మొత్తము తెచ్చుకొనుట ఉత్తమము.

ఇంటిలో నిల్వ చేయు పద్ధతి

కట్టెను నేలపై నేరుగా పేర్చరాదు. నేలలోని తేమ పైకి ప్రాకును; చెదలు పట్టును. జానెడు ఎత్తున రాళ్లు గాని, ఇటుకలు గాని పెట్టి, వానిపై అడ్డకర్రలు పరచి పేర్చవలెను. గోడకును కట్టెకును నడుమ కొంత ఎడము విడువవలెను. గాలి వీచు దిక్కునకు కట్టెల కొనలు ఉండునట్లు పేర్చినచో త్వరగా ఎండును. ఏలయన నీరు కట్టె ప్రక్కలకంటె కొనలనుండి సులభముగా పోవును. పైన రేకు గాని, తాటాకు గాని కప్పి, ప్రక్కలను తెరచి యుంచవలెను. కట్టెల నంతటిని ప్లాస్టిక్ పట్టాతో బిగించి చుట్టుట పొరపాటు. లోపలి తేమ బయటకు పోలేక బూజు పట్టును.

పడకగదిలో కట్టెలు నిల్వ చేయరాదు. పొయ్యికి పైన అటకపై కట్టెలను ఆరబెట్టు ఆచారము కొన్ని ఇండ్లలో కలదు. ఒక్క నిప్పురవ్వ ఎగిరినచో ఇల్లు తగులబడగలదు. మరునాటికి కావలసిన నాలుగు కట్టెలను పొయ్యికి బారెడు దూరమున ఉంచుకొనిన చాలును.

కట్టెల ప్రోగులలో పాములు, తేళ్లు చేరుట సహజము. చీకటిలో చేయి పెట్టి కట్టె లాగరాదు. దీపము తీసికొని, చెప్పులు తొడుగుకొని, కర్రతో తట్టి, పిదప తీసికొనవలెను. పిల్లలను ఆ పనికి పంపరాదు. పాముకాటుకు గాని తేలుకాటుకు గాని గురియైనవారిని ఆలస్యము చేయక ఆసుపత్రికి చేర్పవలెను.

పొయ్యియు, పొగగొట్టమును

ఎండిన కట్టె పొగను చాలవరకు తగ్గించును, పూర్తిగా పోగొట్టదు. మిగిలిన పొగ ఇంటిలో నిలువక బయటకు పోవు దారి కావలెను. ఈ విషయమై తెలుగునాట చాల కాలము క్రిందటనే కృషి జరిగినది. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమునకు చెందిన ఎస్.పి. రాజు గారు పొగలేని పొయ్యి నొకదానిని రూపొందించి, 1953లో ఆంగ్లమున దానిని గూర్చి పుస్తకము ప్రచురించిరి. మట్టితో కట్టుకొనదగిన పొయ్యి, పొగను కప్పు మీదికి కొనిపోవు గొట్టము – ఇవి దానిలోని ముఖ్యాంశములు. తరువాత 1983లో కేంద్ర ప్రభుత్వము మెరుగైన పొయ్యిల జాతీయ పథకమును ప్రారంభించి 2002 వరకు నడిపినది.

గొట్టము గల పొయ్యికి సయితము ఎండిన కట్టెయే కావలెను. పచ్చికట్టె కాల్చినచో తారు గొట్టము లోపల పేరుకొని దారిని మూసివేయును. అప్పుడు పొగ మరల వంటింటిలోనికే వచ్చును. ఆ తారునకు నిప్పంటుకొనుటయు కలదు. కావున గొట్టమును తరచుగా, వేసవి చివరను చలికాలపు మొదటను తప్పక, శుభ్రపరచవలెను. గొట్టము లేని పొయ్యిని వీలైనంతవరకు ఆరుబయట, పందిరి క్రింద పెట్టుకొనవలెను. సన్నగా చీల్చిన కట్టెలను కొద్దికొద్దిగా ముందుకు త్రోయుచుండవలెను. పొయ్యి నిండ కుక్కినచో గాలి ఆడక పొగ వచ్చును.

మూసిన గదిలో నిప్పు – ప్రాణాపాయము

ఎండిన కట్టెకు పొగ తక్కువ గదా, బొగ్గుల కుంపటికి పొగయే లేదు గదా, చలిరాత్రి తలుపులు మూసి గదిలో పెట్టుకొన్న తప్పేమని కొందరు తలంతురు. ఇది ప్రాణము తీయు పొరపాటు. కట్టె గాని బొగ్గు గాని చాలినంత గాలి లేక మండినప్పుడు కార్బన్ మోనాక్సైడు అను వాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హీమోగ్లోబిన్ ప్రాణవాయువునకంటె ఈ వాయువునకు 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకొనును. అందుచేత ఊపిరి ఆడుచున్నట్లే యుండి, శరీరమునకు ప్రాణవాయువు అందదు. నిద్రించువారు మేలుకొనకయే మరణింతురు. కన్నులు మండించు పొగ మనలను గదినుండి తరిమివేయును. ఈ వాయువు ఆ పాటి హెచ్చరికయు చేయదు.

తలనొప్పి, తలతిరుగుట, వాంతి వచ్చునట్లుండుట, కాళ్లలో సత్తువ లేకపోవుట దీని తొలి లక్షణములు. ఒకే గదిలోనివారికి ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి వచ్చినచో వెంటనే దీనిని అనుమానింపవలెను. అట్టివారిని తక్షణము బయటి గాలిలోనికి చేర్చి, తలుపులు కిటికీలు తెరచి, 108కి ఫోను చేయవలెను. స్పృహ తప్పినవారి నోటిలో నీరు గాని మజ్జిగ గాని పోయరాదు. తలనొప్పి తగ్గినను వైద్యునికి చూపవలెను. గర్భవతుల విషయమున ఇది మరింత ముఖ్యము, ఏలయన కడుపులోని బిడ్డకు హాని హెచ్చు.

గదిని వెచ్చచేయవలసినప్పుడు పొగగొట్టము గల పొయ్యినే వాడి, గాలి వచ్చుటకు కిటికీ కొంత తెరచి యుంచవలెను. నెగడును వాకిట వేసికొనవలెను. గొట్టము లేని నిప్పును, అది ఎంత చిన్నదైనను, నిద్రించు గదిలో ఉంచనేరాదు. నివురు గప్పిన నిప్పు కూడ ఈ వాయువును వెలువరించును గనుక, కుంపటిని ఆర్పక లోపలికి తేరాదు. చలి చూడవచ్చిన యాత్రికులు డేరాలలోను, మూసిన వాహనములలోను బొగ్గులు పెట్టుకొనుట ఈ కారణముచేతనే మిక్కిలి ప్రమాదకరము.

జ్ఞాపకముంచుకొనవలసిన విషయములు

1. పచ్చికట్టె బరువులో సుమారు సగము నీరు. కట్టెకు వెల చెల్లింపుడు, నీటికి చెల్లింపకుడు.

2. చలికాలపు కట్టెను వేసవిలోనే కొని, చీల్చి, పేర్చుడు.

3. కొన చీలికలు, ఖణేలను శబ్దము, ఊడు బెరడు, పొడిగా నున్న లోపలి ముఖము – ఈ నాలుగును చూచి కొనుడు.

4. గన్నేరును, తిల్లను, రంగు చెక్కను, మందు పట్టించిన కలపను, ప్లాస్టిక్‌ను కాల్చకుడు.

5. నేలకు ఎడముగా పేర్చి, పైన కప్పి, ప్రక్కలు తెరచి యుంచుడు.

6. వంట జరుగు చోట పొగ పోవు దారి యుండవలెను. పసిబిడ్డను పొయ్యి దగ్గర పడుకొనబెట్టరాదు.

7. మూసిన గదిలో కట్టె గాని బొగ్గు గాని రాత్రివేళ మండనీయకుడు.

వంట గ్యాసో, విద్యుత్తో అందుబాటులో నున్నచో దానినే వాడుట అన్నివిధముల శ్రేయస్కరము. అది అందువరకును, అందిన పిదప నీళ్లకును చలికిని కట్టె కాల్చవలసినంతవరకును, ఎండిన కట్టెను ఎన్నుకొనుట మన చేతిలోని పని. ఇందుకు గొప్ప చదువు అక్కరలేదు. ఒక వేసవి ముందుచూపు చాలును. ఈ సంగతులను మీ ఇంట పొయ్యి వెలిగించువారికి, కట్టె కొనితెచ్చువారికి ఇరువురికిని చదివి వినిపింపుడు. కొనువాడు పురుషుడు, పొగ మ్రింగునది స్త్రీ ఐనప్పుడు, అడితిలో మిగిలిన వంద రూపాయలు ఎవరి ఊపిరినుండి మిగిలినవో ఇంటివారందరు కలిసి ఆలోచింపవలెను.